చనిపోకుండానే దూరమైన మనిషి: ఒక బీబీసీ హారర్ డ్రామా, ఒక బెంగాలీ కథ, పేరు లేని దుఃఖం

హారర్ కథలో దయ్యం రావాలంటే ముందు ఎవరో ఒకరు చనిపోవాలి. 2010 డిసెంబర్ 24 రాత్రి బ్రిటన్‌లో బీబీసీ టూ ఛానల్ ప్రసారం చేసిన ఒక డ్రామా ఈ నియమాన్ని పక్కన పెట్టింది. 'విజిల్ అండ్ ఐ విల్ కమ్ టు యూ' అనే ఆ 52 నిమిషాల టీవీ చిత్రంలో ఒక వృద్ధుణ్ని రాత్రిళ్లు వెంటాడేది ఆయన భార్య. అయితే ఆమె బతికే ఉంది. డిమెన్షియాతో, అంటే మతిమరుపుతో పాటు మాట, ఆలోచన, గుర్తింపు అన్నీ క్రమంగా పోయే జబ్బుతో, ఒక సంరక్షణ కేంద్రంలో కుర్చీకి పరిమితమై ఉంది.

భయపెట్టే కథగా మొదలై, బతికున్న మనిషి కోసం పడే దుఃఖం ఎలా ఉంటుందో చూపించే ఈ డ్రామాకు పదిహేనేళ్లు దాటాయి. పిల్లలు విదేశాల్లో, పెద్దవాళ్లిద్దరే ఇంట్లో ఉండే కుటుంబాలు కోల్‌కతాలోని సాల్ట్ లేక్ నుంచి హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్ల దాకా పెరిగిన ఈ రోజుల్లో, అది బ్రిటన్ కథగా మాత్రమే మిగల్లేదు. ఆ డ్రామా ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది, బెంగాల్‌లో దానికి దగ్గరి చుట్టం లాంటి కథ ఏది, అందులోని పీడకలలకు నిజ జీవితంలో ఆధారం ఉందా అన్నది ఈ వ్యాసం. కథల ముగింపులు కూడా ఇందులో ఉన్నాయి.

కథ ఏమిటి?

జేమ్స్ పార్కిన్ రిటైరైన ఖగోళ శాస్త్రవేత్త. ఈ పాత్రను జాన్ హర్ట్ పోషించారు. భార్య ఆలిస్‌గా జెమ్మా జోన్స్ నటించారు. ఎన్నో ఏళ్లు తోడుగా ఉన్న ఆలిస్ ఇప్పుడు భర్తను గుర్తుపట్టే స్థితిలో లేదు. ఆమెను సంరక్షణ కేంద్రంలో చేర్చి, కొన్నాళ్లు విశ్రాంతి కోసం పార్కిన్ సముద్రతీరంలోని ఒక ఊరికి వెళ్తాడు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి తిరిగిన చోటు అది. సీజన్ కాదు కాబట్టి హోటల్ ఖాళీగా ఉంటుంది.

తీరంలో నడుస్తుంటే ఆయనకు ఒక ఉంగరం దొరుకుతుంది. జేబులో వేసుకుని వస్తాడు. ఆ తర్వాత తీరంలో దూరంగా తెల్లటి ఆకారం ఒకటి కనిపిస్తుంది. ఆయన ఆగితే అదీ ఆగుతుంది. వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ కాస్త దగ్గరగా ఉంటుంది. రాత్రి గదిలో ఎక్కడో గీరుతున్న చప్పుడు. తలుపు ఎవరో తోస్తున్నట్టు కదలడం. హోటల్లో తాను తప్ప వేరే అతిథి లేడని తెలిశాక ఆ చప్పుళ్లకు అర్థం మారిపోతుంది. నిద్ర పడితే కలలు, మెలకువ వస్తే చీకటి. రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఆయనకూ తెలియదు, చూసేవాళ్లకూ తెలియదు.

పార్కిన్ హేతువాది. దయ్యాలను నమ్మడు. మనిషి శరీరాన్ని దాటి మిగిలే ఆత్మ ఏదీ లేదన్నది ఆయన వాదన. మనిషి వెళ్లిపోయాక కూడా శరీరం మిగిలి ఉండటం ఏ దయ్యం కన్నా భయంకరమన్న అర్థంలో ఆయన ఒక సంభాషణలో మాట్లాడతాడు. ఆలిస్ గురించే ఆ మాట. చివరి రాత్రి గదిలోకి వచ్చిన ఆకారం మంచం మీదికి పాకి, తాను ఇంకా ఇక్కడే ఉన్నానని అంటుంది. తెల్లారేసరికి పార్కిన్ చనిపోయి ఉంటాడు. అక్కడ సంరక్షణ కేంద్రంలో ఆలిస్ కూర్చునే కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది.

ఆలిస్ లోపల ఏమీ మిగల్లేదని తేల్చుకున్న మనిషికి ఆలిస్ ఇచ్చిన జవాబు అది. డ్రామా మొత్తం ఈ ఒక్క వాదన చుట్టూ తిరుగుతుంది.

1904 కథ, 1968 చిత్రం, 2010 డ్రామా

దీనికి మూలం మాంటేగ్ రోడ్స్ జేమ్స్ రాసిన కథ. ఆయన మధ్యయుగ చరిత్ర, ప్రాచీన రాతప్రతుల పండితుడు. కేంబ్రిడ్జ్‌లోని కింగ్స్ కాలేజీకి, తర్వాత ఈటన్ స్కూలుకు అధిపతిగా పనిచేశారు. క్రిస్మస్ రోజుల్లో మిత్రులను కూర్చోబెట్టి తాను రాసిన దయ్యం కథలను చదివి వినిపించడం ఆయనకు అలవాటు. ఈ కథ 1904లో వచ్చిన ఆయన తొలి సంపుటంలో ఉంది.

మూలకథలో భార్య లేదు, దుఃఖమూ లేదు. పార్కిన్స్ అనే యువ ప్రొఫెసర్ గోల్ఫ్ ఆడుకోవడానికి సముద్రతీరానికి వెళ్తాడు. పాత శిథిలాల్లో ఒక లోహపు ఈల దొరుకుతుంది. దాన్ని ఊదుతాడు. దాంతో ఏదో వస్తుంది. అది ఖాళీగా ఉన్న రెండో మంచం మీది దుప్పటిని ఒంటికి చుట్టుకుని లేస్తుంది. తెలియని దాన్ని వేలుపెట్టి కెలికితే ఏమవుతుందన్నది అక్కడి నీతి.

1968 మేలో జోనాథన్ మిల్లర్ ఈ కథను బీబీసీ కోసం నలుపు తెలుపుల్లో తీశారు. మైకేల్ హార్డెర్న్ ఇందులో ప్రొఫెసర్. మిల్లర్ స్వతహాగా వైద్యం చదివినవారు. ఆయన పార్కిన్స్‌ను మధ్యవయసు దాటిన ఒంటరివాడిగా మార్చారు. తనలో తాను గొణుక్కుంటూ, తన తెలివిని చూసి తానే మురిసిపోయే మనిషి. దయ్యం బయటి నుంచి వచ్చిందా, ఆ ఒంటరి బుర్రలోంచే పుట్టిందా అన్న సందేహం అక్కడే మొదలైంది.

2010 నాటికి రచయిత నీల్ క్రాస్, దర్శకుడు ఆండీ డి ఎమనీ దాన్ని మరో అడుగు ముందుకు తీసుకెళ్లారు. నీల్ క్రాస్ అదే ఏడాది మొదలైన 'లూథర్' పోలీసు సీరియల్ సృష్టికర్త కూడా. వాళ్లు ఈల స్థానంలో ఉంగరం పెట్టారు. ఈ మార్పు మూలకథ అభిమానుల్లో కొందరికి నచ్చలేదు. పేరులో ఈల ఉంచి, కథలో తీసేయడమేమిటన్నారు. కానీ ఉంగరం రావడంతో కథ అడిగే ప్రశ్నే మారింది. ఈల ఊదినవాడు కుతూహలంతో తప్పు చేస్తాడు. ఉంగరం తీసి జేబులో వేసుకున్నవాడికి ఒక పెళ్లి గుర్తొస్తుంది. పార్కిన్‌ను పీడించేది తాను ఏం కెలికానన్న ఆలోచన కన్నా, ఎవరిని వదిలి వచ్చానన్న ఆలోచన.

టీవీకే ఎందుకు సరిపోయింది?

క్రిస్మస్ రాత్రి దయ్యం కథ బ్రిటన్ టీవీలో ఒక ఆనవాయితీ. 1971 నుంచి 1978 వరకు బీబీసీ ఏటా ఒక కథను 'ఎ గోస్ట్ స్టోరీ ఫర్ క్రిస్మస్' పేరుతో ప్రసారం చేసింది. వాటిలో ఎక్కువ భాగాన్ని లారెన్స్ గోర్డన్ క్లార్క్ తీశారు. 1976లో వచ్చిన డికెన్స్ కథ 'ది సిగ్నల్‌మ్యాన్' వాటిలో బాగా పేరు తెచ్చుకుంది. 2005లో ఈ సంప్రదాయాన్ని బీబీసీ మళ్లీ మొదలుపెట్టింది. జాన్ హర్ట్ డ్రామా ఆ కోవలోనిదే.

సినిమా హాల్లో వందల మంది మధ్య కూర్చుని భయపడటం వేరు. అక్కడ పక్కవాడి కేక మన భయాన్ని సగం తగ్గిస్తుంది. టీవీ ముందు కూర్చునే మనిషి తన ఇంట్లో, తన మంచానికి పది అడుగుల దూరంలో ఉంటాడు. డ్రామా అయిపోగానే లైటు ఆర్పి అదే ఇంట్లో పడుకోవాలి. మంచం, తలుపు గడియ, కిటికీ, పక్క గది చప్పుడు వంటి సాదా వస్తువులతోనే భయం పుట్టించే కథకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

నిడివి కూడా కలిసొచ్చింది. దుఃఖంలో పెద్దగా సంఘటనలు ఉండవు. ఒకే ఆలోచన మళ్లీ మళ్లీ వస్తుంది. దాన్ని రెండున్నర గంటలు సాగదీస్తే ఉపకథలు, మంత్రగాళ్లు, ఫ్లాష్‌బ్యాక్‌లు కావాలి. 52 నిమిషాల్లో ఒక మనిషి, ఒక గది, మూడు నాలుగు రాత్రులు సరిపోతాయి.

బెంగాల్‌లో: 'మణిహార'

ఈ కథకు బెంగాలీలో వందేళ్లకు పైబడిన జోడీ ఉంది. రవీంద్రనాథ్ టాగోర్ 1898లో ప్రచురించిన 'మణిహార'. నది ఒడ్డున శిథిలమైన భవనం. దాని మెట్ల మీద కూర్చున్న ఒక బాటసారికి ఊరి బడిపంతులు ఆ ఇంటి కథ చెబుతాడు.

ఫణిభూషణ్ ఆ ఇంటి యజమాని. భార్య మణిమాలిక. పిల్లలు లేరు. భర్త ఇచ్చిన ప్రేమ కన్నా నగలే ఆమెకు ప్రాణం. వ్యాపారం దెబ్బతిని ఫణిభూషణ్ నగలు అడుగుతాడు. గట్టిగా అడగలేక, అప్పు కోసం కలకత్తా వెళ్తాడు. నగలు ఎక్కడ పోతాయోనన్న భయంతో మణిమాలిక వాటన్నింటినీ ఒంటి మీద వేసుకుని, మధుసూదన్ అనే బంధువును వెంటబెట్టుకుని పడవెక్కుతుంది. మళ్లీ కనిపించదు.

తిరిగొచ్చిన ఫణిభూషణ్‌కు ఖాళీ ఇల్లు మిగులుతుంది. ఆమె చనిపోయిందో, ఎక్కడైనా ఉందో తెలియదు. వానాకాలపు రాత్రి. నది మెట్ల దగ్గర నుంచి గలగలమంటూ ఏదో పైకి వస్తున్న చప్పుడు వింటాడు. అది గది తలుపు దాకా వచ్చి ఆగిపోతుంది. కల అనుకుంటాడు. మరుసటి రాత్రి అదే చప్పుడు. ఆ తర్వాతి రాత్రి ఎముక ఎముకకూ నగ తొడుక్కున్న అస్థిపంజరం లోపలికి వచ్చి రమ్మని సైగ చేస్తుంది. అతను దాని వెంట నది మెట్లు దిగి నీళ్లలోకి వెళ్లిపోతాడు.

అంతా విన్న బాటసారి తన పేరే ఫణిభూషణ్ అంటాడు. భార్య పేరు మాత్రం పంతులు చెప్పిన పేరు కాదంటాడు. కథ నిజమా, పంతులు కల్పనా, ఊరి పుకారా అన్న సందేహంతో టాగోర్ నవ్వుతూ వదిలేస్తారు.

టాగోర్ శతజయంతి సంవత్సరం 1961లో సత్యజిత్ రాయ్ తీసిన 'తీన్ కన్య' చిత్రంలోని మూడు కథల్లో ఇది ఒకటి. కాళీ బెనర్జీ, కనికా మజుందార్ భార్యాభర్తలుగా నటించారు. సంగీతం రాయ్ స్వయంగా సమకూర్చుకున్న తొలి సినిమా అదే. గంట నిడివి ఉన్న ఈ భాగం చాలా కాలం విదేశీ ప్రేక్షకులకు అందలేదు. అక్కడ రెండు కథలతోనే 'టూ డాటర్స్' పేరుతో సినిమాను విడుదల చేశారు. రాయ్ ముగింపును మార్చారు. ఆయన చిత్రంలో శాలువా కప్పుకుని కథ విన్న మనిషి, చివర్లో తానే ఆ ఫణిభూషణ్‌నని చెప్పి మాయమవుతాడు.

'మణిహార' టీవీ కోసం తీసింది కాదు. అయినా జాన్ హర్ట్ డ్రామా పక్కన పెడితే పోలికలు వాటంతట అవే కనిపిస్తాయి. రెంటిలోనూ భార్య చనిపోవడాన్ని భర్త చూడడు. అంత్యక్రియలు ఉండవు. ఆభరణం ఒకటి పెళ్లికి గుర్తుగా మిగులుతుంది. రాత్రి రాత్రికీ చప్పుడు ఒక్కో అడుగు దగ్గరవుతుంది. చివరికి భర్త భయపడి పారిపోడు, ఒక రకంగా ఎదురుచూస్తాడు. ఆమె ఏమైందో తేలని స్థితి కన్నా, ఏ రూపంలోనైనా ఆమె రావడమే అతనికి కావాలి.

ఆ కలలకు ఆధారం ఉందా?

పోయినవాళ్లు కనిపించడం, వినిపించడం కథలకే పరిమితం కాదు. వేల్స్‌లో వైద్యుడిగా పనిచేసిన డెవీ రీస్ 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన ప్రచురించారు. జీవిత భాగస్వామిని కోల్పోయిన 293 మందిని ఆయన పలకరించారు. వారిలో దాదాపు సగం మందికి పోయినవాళ్లు పక్కనే ఉన్నట్టు అనిపించడం, కనిపించడం, మాట వినిపించడం లాంటి అనుభవాలు ఉన్నాయి. ఉన్నట్టు అనిపించడం ఎక్కువ, కళ్లకు కనిపించడం తక్కువ. ఎక్కువ ఏళ్లు కలిసి బతికినవారిలో ఇది ఎక్కువగా ఉంది. వాళ్లలో చాలామందికి ఆ అనుభవం భయం కన్నా ఊరటనే ఇచ్చింది. కానీ అత్యధికులు అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తెలుగు ఇళ్లలో దీనికి ఒక దారి ఉండేది. పోయిన పెద్దలు కలలోకి వస్తే ఏదో అడుగుతున్నారని అర్థం చెప్పుకుని, ఇష్టమైన వంటకం చేసి కాకికి పెట్టడమో, ఎవరికైనా భోజనం పెట్టడమో చేస్తారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, కల గురించి ఇంట్లో నలుగురితో చెప్పుకునే వీలు అందులో ఉంది. పార్కిన్‌కు లేనిది అదే. తన కలను చెప్పుకోవడానికి ఆయనకు మిగిలిన ఒకే ఒక మనిషి, ఆయన్ను గుర్తుపట్టని భార్య.

దుఃఖం నెలలు గడిచినా తగ్గకుండా, రోజువారీ బతుకును ఆపేస్తే వైద్యులు దాన్ని ఇప్పుడు ప్రత్యేక సమస్యగా గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా 11వ కూర్పులో, 2022లో సవరించిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ జాబితాలో 'దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత' చేరింది. అయితే ఆ నిర్వచనాలు మొదలయ్యేది ఒక మరణంతో. మరణమే జరగకపోతే?

సాల్ట్ లేక్ ఇళ్లలో, మన ఇళ్లలో

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పౌలీన్ బాస్ 1970లలో వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేస్తూ దీనికి ఒక పేరు పెట్టారు. తెలుగులో 'తేలని ఎడబాటు' అనుకోవచ్చు. అది రెండు రకాలు. మనిషి కనిపించడు, మనసులో మాత్రం ఉంటాడు. ఫణిభూషణ్‌ది ఈ దుఃఖం. రెండోది, మనిషి కళ్ల ముందే ఉంటాడు, కానీ మనకు తెలిసిన మనిషి కాదు. పార్కిన్‌ది అది. ఈ రెంటిలోనూ దుఃఖం ముగిసే రోజంటూ ఉండదని బాస్ అంటారు.

భారతదేశంలో ఈ రెండో రకం చిన్నదేమీ కాదు. 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. వారిలో ఎక్కువ మందిని చూసుకునేది ఇంట్లోవాళ్లే. చాలా ఇళ్లలో ఆ ఇంట్లోవాళ్లంటే మరో వృద్ధ వ్యక్తి.

సాల్ట్ లేక్ దీనికి మంచి ఉదాహరణ. కోల్‌కతాకు తూర్పున ఉన్న ఉప్పునీటి చిత్తడి నేలను 1960లలో హుగ్లీ నది ఒండ్రుతో పూడ్చి, యుగోస్లావియాకు చెందిన డోబ్రివోయే టోష్కోవిచ్ ప్రణాళికతో కట్టిన పట్టణం అది. అధికారిక నామం బిధాన్‌నగర్. ఉద్యోగాల్లో ఉన్న మధ్యతరగతి కుటుంబాలు అక్కడ సొంత ఇళ్లు కట్టుకున్నాయి. వారి పిల్లలు బెంగళూరుకో, విదేశాలకో వెళ్లారు. ఐటీ కంపెనీలున్న సెక్టార్ ఫైవ్ పగలంతా యువతతో కిటకిటలాడుతుంటే, పక్కనే ఉన్న నివాస బ్లాకుల్లో చాలా ఇళ్లు ఒకరిద్దరు పెద్దవాళ్లతో మిగిలాయి. ఒంటరి వృద్ధుల బాగోగులు కనుక్కోవడానికి అక్కడి పోలీసులు 'సాంఝ్‌బాతి' అనే ప్రత్యేక కార్యక్రమం నడపాల్సి వచ్చింది. బెంగాలీలో ఆ మాటకు సందెదీపం అని అర్థం.

మన సంప్రదాయం చావుకు లెక్క కట్టింది. పదో రోజు, పన్నెండో రోజు, మాసికాలు, సంవత్సరీకం. ఏడవడానికీ, ఏడుపు ఆపడానికీ తేదీలు ఉన్నాయి. చుట్టాలు వస్తారు, పలకరిస్తారు. కానీ కళ్లెదుట కూర్చుని "నువ్వెవరు బాబూ?" అని అడిగే భార్య కోసం ఏ కర్మ చేయాలి? ఎవరు పలకరించడానికి వస్తారు? "బతికే ఉన్నారు కదా, అదే పదివేలు" అనే మాట ఓదార్పుగా అంటారు. వినేవాళ్లకు మాత్రం ఇక ఏడవొద్దన్నట్టు తగులుతుంది.

డ్రామాలో లోపం

ఇంత మెచ్చుకున్నాక ఒక అభ్యంతరం చెప్పకపోతే సరికాదు. జబ్బుపడిన స్త్రీని భయపెట్టే ఆకారంగా చూపడం న్యాయమా? ఆలిస్ వైపు నుంచి ఒక్క రాత్రి కూడా మనకు కనిపించదు. ఆమె మౌనాన్ని భర్త ఎలా చదివితే డ్రామా కూడా చాలావరకు అలాగే చదువుతుంది. పైగా భార్యను సంరక్షణ కేంద్రంలో చేర్చిన భర్తకు మరణశిక్ష పడినట్టు ముగియడం ఒక చెడ్డ సందేశం కూడా ఇవ్వగలదు. ఇంట్లో ఒక్కరే చూసుకోలేక సాయం తీసుకోవడం పాపం కాదు. చాలామందికి అది తప్పనిసరి, కొన్నిసార్లు అదే మంచిది.

అయితే చివరి మాట ఆలిస్‌దే కావడం ఈ అభ్యంతరాన్ని కొంత తగ్గిస్తుంది. డ్రామా శిక్షించింది ఆమెను వదిలి వెళ్లినందుకు అనుకోవచ్చు. ఆమె లోపల ఎవరూ లేరని తేల్చేసినందుకు అని కూడా అనుకోవచ్చు. రెండో అర్థంలో చూస్తే, గుర్తింపు పోయిన మనిషికి కూడా భయం, బాధ, చేయి పట్టుకుంటే కలిగే నెమ్మది మిగిలే ఉంటాయన్న వైద్యుల మాటకు ఈ కథ దగ్గరగా వస్తుంది.

తెలుగు తెర ఇంకా చెప్పని కథ

తెలుగు టీవీకి హారర్ కొత్త కాదు. 1990ల చివర్లో ఈటీవీలో వచ్చిన 'అన్వేషిత' కోసం ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరిన రోజులు చాలామందికి గుర్తే. కానీ మన తెర మీద దయ్యం ఎక్కువగా పగ తీర్చుకోవడానికి వస్తుంది. లేదా క్షుద్రపూజలు చేసినవాడు పంపితే వస్తుంది. పగ తీరితే, మంత్రం విరిగితే వెళ్లిపోతుంది. దుఃఖానికి ఆ సౌకర్యం లేదు. దాన్ని వెళ్లగొట్టే మంత్రగాడు లేడు. మన కథకులకు ఇక్కడ చాలా చోటు ఖాళీగా ఉంది.

కథలు వచ్చేలోపు ఇళ్లలో చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. డిమెన్షియా ఉన్నవారి కుటుంబాలకు సలహాలిచ్చే అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిసార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు కోల్‌కతాలోనూ, హైదరాబాద్‌లోనూ శాఖలున్నాయి. వృద్ధుల సమస్యలకు 14567 నంబరులో ఎల్డర్ లైన్, మానసిక ఒత్తిడికి 14416 నంబరులో టెలీ మానస్ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, పదే పదే పీడకలలు వస్తున్నాయని చెప్పడానికి ఇంట్లో ఎవరైనా చనిపోయి ఉండాల్సిన అవసరం లేదు.